నా జబ్బుకు వాడు మింగే మాత్ర

పోయిన వారం మా వీధి చివరి ఇంటి కోడలు, ఎండ మాడిపోతున్న మధ్యాహ్నం పూట, కొంగు నెత్తిన కప్పుకొని వచ్చి మా గడప దగ్గర నిలబడింది. రమ్మని నేను వెంటనే అనలేదు. ఎందుకు అనలేదో తర్వాత చెబుతాను, దాచుకునే స్వభావం నాది కాదు. తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి ఆమె తన దగ్గరే పెట్టుకొని చదివించింది. ఆ పిల్లవాడు కడపలో చదువు మానేసి వచ్చి, ఇంట్లోవాళ్ల ఫోన్లన్నీ తన మాటలు వింటున్నాయని వాటిని బియ్యం డబ్బాలో పూడ్చి పెడుతున్నాడట. డాక్టరు మాత్రలు రాసిస్తే, రోగం మీకే గానీ నాకు కాదంటున్నాడట. ఇదంతా చెప్పి, "అత్తా, మీ అబ్బోడు మాత్రలు ఎట్ల మింగుతాండాడు? నువ్వేం చేసినావో ఒగసారి చెప్పత్తా" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఈ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆమె. అంతకుముందు ఈ వీధిలో నన్ను అడిగినవాళ్లు లేరు, నాకు చెప్పినవాళ్లే అందరూ. ఎవరు ఏం చెప్పారో, చెప్పేటప్పుడు ఎట్లా నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. ఆమెకు ఆ పొద్దు సగమే చెప్పగలిగాను. మిగిలింది వారమంతా లోపల తిరుగుతూనే ఉంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది ఒంటిమిట్టకు దగ్గర్లోని నేతపని వాళ్ల ఊరు. నా ఈడువాళ్లకు చెప్పనక్కర లేదు గానీ ఇప్పటి వాళ్లకు తెలియదు, ఆ కాలంలో పడుగు నూలుకు గంజి పెట్టడమంటే ఒక ఇంటి పని కాదు, వీధి పని. తెల్లారకముందే నూలును వీధి పొడుగునా కర్రల మీద చాచి, గంజి పూసి, అది ఆరేలోగా కుంచెలతో దువ్వాలి, లేకపోతే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకొని చీర కావలసిన నూలు చీపురు అవుతుంది. అందుకే ఎవరి పడుగు చాచినా పిలవకుండానే నాలుగిళ్ల వాళ్లు వచ్చి చేయి వేసేవాళ్లు, రాకపోతే చావుకు రానంత తప్పు. మా ఒక్కగానొక్క కొడుకు మీసం మొలిచినప్పటి నుంచి అందరి పడుగులకూ కావలసినవాడే, ఎందుకంటే అన్ని పోగుల్లో తెగిన పోగు ఎక్కడుందో చూపుతోనే పట్టి, నడుస్తూనే ముడి వేసేవాడు. ఇంత పొగడ్త కన్నతల్లిగా రాయడం లేదు, వీధంతా అన్న మాటే రాస్తున్నాను, ఆ వీధే తర్వాత దాన్ని మరిచిపోయింది.

వానికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో మొదలైంది. మగ్గం మీద కూర్చున్నవాడు ఉన్నట్టుండి ఆపేసి, గోడకు చెవి ఆనించి, పక్కింటి మగ్గం తన పేరు పలుకుతోందని అనేవాడు. ఆ తర్వాత గంజిలో ఎవరో ఏదో కలుపుతున్నారనీ, అది పోగుల్లోకి ఎక్కి, చేతుల్లోంచి తన తలలోకి వస్తోందనీ చెప్పడం మొదలుపెట్టాడు. మేము నవ్వి ఊరుకున్నాం. ఒక తెల్లవారుజామున మా పడుగూ వీధి చివరి ఇంటి పడుగూ పక్కపక్కన చాచి ఉండగా, రెండిళ్ల గంజి కుండలూ ఎత్తి మట్టిలో పారబోశాడు. ఎవరినీ కొట్టలేదు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఈ మాట గట్టిగా చెబుతాను, కొట్టాడని ఊళ్లో కథ అల్లారు గనుక. కుండలు పారబోసి, చేతులు కడుక్కొని, ఇంట్లోకి పోయి పడుకున్నాడు.

అప్పుడు వీధి చివరి ఇంటి ఆమె, ఇప్పుడు నన్ను అడగవచ్చిన కోడలికి అత్త, కాలం చేసి చాలా ఏళ్లయింది, అందరూ వింటుండగా నాతో అంది, "మీవోణ్ణి ఇంట్లో కట్టేసుకోక్కా, ఎద్దునైనా కట్టేస్తారు." ఆకుపచ్చ చీర కట్టుకొని ఉంది. చేతిలో కుంచె ఉంది. అంతకుముందు వానితో తెగిన పోగులు అతికించుకోని పడుగు ఆ ఇంట్లో లేదు. ఆ తర్వాత మా పడుగు చాచిన పొద్దున తలుపులు తీసి చూసినవాళ్లే గానీ బయటికి వచ్చినవాళ్లు లేరు. నేనూ మా ఆయనా అటొకరం ఇటొకరం నిలబడి దువ్వేవాళ్లం, సగం పడుగు మా కళ్లముందే ఆరిపోయేది.

డాక్టరుకు చూపించాలంటే కడప దగ్గర. కానీ కడపలో ఎవరైనా చూస్తారని మా ఆయన భయం. అందుకని మహానందికి పోతున్నామని చెప్పి కర్నూలుకు తీసుకుపోయేవాళ్లం. తిరిగి వచ్చేటప్పుడు నంద్యాలలో దిగి, నిజంగానే మహానందికి పోయి, గుండంలో మునిగి, కుంకుమ తెచ్చి వీధిలో అందరికీ పంచేవాళ్లం. శివుడికి మా మొక్కు ఏమిటో తెలిసే ఉంటుంది, ఆయన ఒక్కడే ఎవరికీ చెప్పలేదు.

కర్నూలు డాక్టరు పెద్దవాడు, పేరున్నవాడు. మావాణ్ణి ఏమి బాధ అని అడిగితే, "నాకేం ల్యా సార్, వీళ్లే తోడుకొచ్చినారు" అన్నాడు. మాత్రలు రాసిచ్చి, మేము లేచేటప్పుడు ఆ డాక్టరు కళ్లద్దాలు తుడుచుకుంటూ, తలుపు వైపు చూస్తూ, కొందరికి తమకు జబ్బు ఉందని తెలియకపోవడం కూడా ఆ జబ్బులోదేననీ, వాదించి లాభం లేదనీ అన్నాడు. నా కొడుకు గురించి అందరూ కలిసి చెప్పిన మాటలన్నిటికంటే పనికొచ్చే మాట అది, దాన్ని ఆయన తర్వాతి మనిషిని పిలుస్తూ చెప్పాడు. కూర్చోబెట్టి, నా మొహం చూసి, ఇంకొక్కసారి చెప్పి ఉంటే మా ఇంట్లో అంత యుద్ధం జరిగేది కాదు. ఆయన మీద నాకు ఆ కోపం పోలేదు, పోదు.

ఎందుకంటే ఇంటికి వచ్చి మేము చేసిందంతా వాదనే. బాగలేదని ఒప్పుకో అని నేను, ఒప్పుకుంటే నయమవుతుందని వాళ్ల నాయన, పూటపూటకూ అదే మాట. మా ఆయన మాత్ర వాని నోట్లో వేసి, నాలుక ఎత్తించి చూసేవాడు. వాడు మాత్రను బుగ్గలో దాచి తర్వాత మగ్గం గుంటలో ఉమ్మేవాడు. విరిగిన కాలు గురించైతే వాదన ఉండదు, విరిగిందని వానికీ తెలుస్తుంది. వాని కళ్లకు కనిపించేది వానికి నిజమే కదా, మా కళ్లకు కనబడకపోతే వాడు ఎవరిని నమ్మాలి? ఇంత తెలివి నాకు అప్పుడు లేదు, ఉన్నవాళ్లు చెప్పలేదు.

అప్పుడు మా మరిది తన తెలివి చూపించాడు. ప్రొద్దుటూరులో ఉంటాడు, అన్నిటికీ ఉపాయం ఉందంటాడు. మేము లేనప్పుడు మాత్రలు నూరి మజ్జిగలో కలిపి, "తాగు నాయనా, సల్లగుంటాది" అని ఇచ్చాడు. నేను ఇంట్లోకి అడుగు పెట్టేసరికి వాడు ఒక గుక్క తాగి, చేదు తెలిసి, గ్లాసు నేలమీద పెట్టి నా వైపు చూశాడు. మా మరిది వైపు చూడలేదు, నా వైపు చూశాడు. నేను కలపలేదు. ఆ సంగతి వానికి ఎన్నిసార్లు చెప్పానో. అంతవరకూ ఏదో కలుపుతున్నారన్నది వాని భ్రమ, ఆ మజ్జిగతో అది నిజమైపోయింది, ఇక నేను ఏ నోటితో కాదని చెప్పాలి?

ఆ పొద్దు నుంచి ఇంటి వంట ముట్టలేదు. తొక్క ఉన్నవే తినేవాడు, అరటిపండ్లు, ఉడకబెట్టిన కోడిగుడ్లు, బయటి బండి మీద కొన్న ఉడికిన శెనక్కాయలు. వాటినైనా తొక్క మీద చీలిక ఉందేమోనని ఎండకు పట్టి చూసి తినేవాడు. నెలలు గడిచేసరికి చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఉండేవాడు. నేను సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, వాని ముందే ఆ ముద్దలోంచి తుంచి తిని చూపించేదాన్ని. "నువ్వు తిన్న పక్క బాగనే ఉంటాదిలే మా" అనేవాడు. కన్నబిడ్డ నా చేతి ముద్ద మీద అనుమానపడుతుంటే నాకు లోకంలో వేరే అవమానం అక్కర లేదనిపించేది, అయినా లోకం ఇస్తూనే ఉండేది. మా మరిది కూతురి పెండ్లికి మా ఇంట్లో ఇద్దరికే పిలుపు వచ్చింది. ముగ్గురం ఉన్నామని వాళ్లకు తెలియదా?

ఆ ఎండాకాలంలోనే ఒక పొద్దు నాకు ఓపిక అయిపోయింది. మగ్గం గట్టు మీద కూర్చొని, పెండ్లి పిలుపుతో మొదలుపెట్టి, గంజి కుండల దాకా, అక్కడి నుంచి కర్నూలు డాక్టరు కళ్లద్దాల దాకా, నా పెండ్లిలో మా అత్తగారు నా తోబుట్టువులకు రెండో పంక్తిలో ఆకు వేయించిన దాకా, ఒకటి వదలకుండా పైకి చెప్పుకుంటూ పోయాను. ఎదురుగా వాడు శెనక్కాయలు వలుచుకుంటూ వింటున్నాడు. చాలాసేపు విని, కాయలు పక్కన పెట్టి, వచ్చి నా పక్కన కూర్చొని, చాలా మెత్తగా అన్నాడు.

"మా, నువ్వు శానా దినాల నుంచి నిద్ర పోతాండ్లేదు. ఎవురో ఏమో అన్న్యారని అదే పనిగా మాట్లాడ్తాండావు. వీధంతా నీమీద పడినట్టు అనుకుంటాండావు. నీకు బాగలేదు మా. డాక్టరుకు చూపిచ్చుకుందాం పా."

నాకేం రోగమని అనబోయాను. నాలుక కొన దాకా వచ్చింది ఆ మాట. అది అచ్చం వాడు మాతో రోజూ అనే మాట, వాడు అనే కోపంతోనే నా గొంతులోకి వచ్చింది. అప్పుడు వాని మొహం చూశాను. ఎన్నో నెలల తర్వాత ఆ మొహంలో భయం లేదు, నా గురించి దిగులు ఉంది. నేను ఈ జన్మలో ఎవరి మాటా ఊరికే పోనిచ్చిన దాన్ని కాదు. ఆ పొద్దు మాత్రం, "సరే నాయనా, తోడుకపో" అన్నాను.

మరుసటి రోజే తీసుకుపోయాడు. కర్నూలుకు కాదు, కడపకే, పగలు, అందరూ చూస్తుండగా, బస్సు కోసం నిలబడినప్పుడు అడిగిన ప్రతివాళ్లకూ "మాయమ్మకు మనసు బాగలేదు, చూపిచ్చేదానికి పోతాండాం" అని చెప్పాడు. వాడు దాచవలసింది ఏముంది, జబ్బు నాది కదా. బస్సులో కిటికీ పక్క సీటు పట్టి నన్ను కూర్చోబెట్టి, ఎండ తగలకుండా తువ్వాలు అడ్డం పట్టుకున్నాడు.

కడపలో ఆడ డాక్టరు, మన యాసలోనే మాట్లాడే మనిషి. నాకు ఏమైందో వాడే చెప్పాడు, నిద్ర లేదనీ, పాతవి తవ్వుకుంటుందనీ, అందరూ తనను చిన్నచూపు చూస్తున్నారని అనుకుంటుందనీ. ఒక్క అబద్ధం లేదు అందులో. ఆమె నన్ను చూసింది, బీపీ ఉందని తేల్చి మాత్ర రాసింది. ఆ తర్వాత వానివైపు తిరిగింది. నీకు నిద్ర పడుతోందా అంటే లేదన్నాడు. ఏమి వినబడుతున్నాయని అడిగితే అవీ చెప్పాడు, ఎవరూ కాదనకుండా వింటే వాడు ఎప్పుడైనా చెబుతాడు. నేను అడ్డం రాబోతే చేయి ఎత్తి ఆపింది. వానితో ఆమె అన్న మాటలు నాకు అక్షరం పోకుండా గుర్తున్నాయి. "నీకు జబ్బుందని నేననుకుంటాండా. ల్యాదని నువ్వనుకుంటాండావు. దానికిప్పుడు మనిద్దరికీ పంచాయితీ వద్దు. ఆ మాటలు తగ్గేదానికి, నిద్ర పట్టేదానికి మందుండాది. నిద్ర లేనోడు తల్లినెట్ల చూసుకుంటాడు, చెప్పు?"

వాడు నా వైపు ఒకసారి చూసి, "నేనైతే ఒప్పుకోను మేడమ్. మాయమ్మ మింగితే మింగుతా. ముందు ఆమె మింగాల" అన్నాడు.

అంతే, మా ఒప్పందం అది. మాత్రల డబ్బా వాని దగ్గరే ఉంటుంది. రేకు వాడే చింపుతాడు, ఇంకెవరు చింపినా ముట్టడు. ముందు నాది నా చేతిలో పెట్టి, నీళ్లిచ్చి, "నాలిక ఎత్తు మా" అంటాడు. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నది అది. నేను నాలుక ఎత్తి చూపించాక తనది మింగుతాడు. జబ్బు మనిషి వంట చేయకూడదని వంటిల్లు కూడా తీసుకున్నాడు. మొదట్లో సంగటి రాళ్లు రాళ్లుగా ఉండేది, నేను మాట్లాడకుండా తిన్నాను. తన చేత్తో వండినది గనుక వాడూ తిన్నాడు. చాలా కాలానికి ఒక పొద్దు, పొయ్యి దగ్గర చేయి కాల్చుకొని, "ఈ పూటకు నువ్వే కలుపు మా" అన్నాడు. కలిపి, నోటికి అందిస్తే తిన్నాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

కానీ వీధి ఊరుకుంటుందా. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకొని, పిచ్చి కొడుక్కి కాదంట, తల్లికంట అని నవ్వారు. మా మరిది ఫోన్ చేసి, "ఇద్దరికీ సరిపాయ వదినా" అన్నాడు. మా ఆయన కూడా, ఇప్పుడు ఆయన లేడు, నలుగురిలో నీకేం తక్కువని ఈ పేరు నెత్తిన పెట్టుకున్నావని చివరి దాకా గొణిగాడు. వాళ్లలో ఒక్కొక్కరికీ చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది, ఇప్పటికీ ఉంది. చెబితే వాని చెవిన పడుతుంది, చెప్పలేదు. నన్ను అవమానించినవాళ్ల ముందు నోరు మూసుకోవడం నాకు మాత్ర మింగడం కంటే చేదు.

ఇదంతా విని వాడు నయమయ్యాడని అనుకోకండి. మధ్యలో రెండుసార్లు మానేశాడు. ఒకసారి కడప ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది, అప్పుడూ తల్లికి తోడుగా ఉన్నానని చెప్పుకున్నాడు. రెండోసారి వాడు మానేస్తే నేనూ నా బీపీ మాత్ర మానేశాను. మొండితనంలో వానికి నేనే తల్లిని. కళ్లు తిరిగి వాకిట్లో పడ్డాక, వాడే పరుగెత్తి డబ్బా తెచ్చి ఇద్దరికీ రేకు చింపాడు. ఆ డాక్టరు నన్ను బాగా తిట్టింది, పడ్డాను, ఆమెకు ఆ హక్కు ఉంది. పక్కింటి మగ్గం మూలన పడి చాలా ఏళ్లైనా వానికి ఇప్పటికీ అప్పుడప్పుడు దాని చప్పుడు వినిపిస్తుంది. కాకపోతే ఇప్పుడు, "మళ్లా మొదలుపెట్న్యారు మా" అని చెప్పి తన పని తను చేసుకుంటాడు.

ఆ కోడలికి నేను చెప్పింది ఇందులో కొంతే. మజ్జిగలో కలపొద్దు, ఎవరు చెప్పినా కలపొద్దు అని మొదట చెప్పాను. ఒప్పుకో అని అడగొద్దు, నిద్ర పట్టడం లేదా, భయమేస్తోందా, అది అడుగు అన్నాను. నా ఉపాయం నీకు పనికిరాదు, ఎందుకంటే అది నా ఉపాయం కాదు, వాడు నాకు ఇచ్చింది అని కూడా చెప్పాను. వాళ్ల అత్త ఆకుపచ్చ చీర కట్టుకొని ఏమన్నదో అదీ చెప్పాను. చెప్పకపోతే నాకు అన్నం దిగదు. పాపం ఆమెకు తెలియదట, తల వంచుకొని ఏడ్చింది. ఇంతలో మావాడు లోపలి నుంచి వచ్చి, "వదినా, మాయమ్మతో పాతవి మాట్లాడించొద్దు, ఆమెకు బాగలేదు" అని, ఆమెను కాసేపు చూసి, "నువ్వు గూడా నిద్ర పోతాండ్లేదే" అని చెప్పి, ఇద్దరికీ టీ పెట్టడానికి పోయాడు.

ఆమె పోయాక అనుకున్నాను. కాలం మారింది, నిజమే. మేము కుంకుమ చాటున దాచుకున్న మాటను ఆ అమ్మాయి మిట్టమధ్యాహ్నం నడి వీధిలో నడిచి వచ్చి అడిగింది. కడపలో ఇప్పుడు వెంట వచ్చినవాళ్లను కూడా కూర్చోబెట్టి విడిగా మాట్లాడుతున్నారు. ఇవన్నీ ఇరవై ఏళ్లు ముందే వచ్చి ఉంటే మా ఆయన ఆ గొణుగుడు గొణగకుండా పోయేవాడేమో, మావాని పడుచుదనం అరటి తొక్కల్లో పోయేది కాదేమో. ఎవరి మీద వేయాలో తెలియని ఫిర్యాదు ఇదొక్కటే నా దగ్గర మిగిలింది.

వానికి ఇప్పుడు చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. మొన్న సంగటి కెలుకుతూ, "నీకు బాగైనాంక నేను గూడా ఇడిసిపెడ్తా మా, నాకెందుకు ఈ మాత్రలు" అన్నాడు. అందుకని నేను బాగుపడకూడదు. అది కష్టం కాదు, నా కోపాలు నాకు ఇంకా చాలా కాలం వస్తాయి. అలసట అంతా దాని తర్వాత సంగతి తలుచుకుంటేనే. నేను పోయిన పొద్దు, జబ్బు మనిషి లేదు కదా అని వాడు ఆ డబ్బా మూత పెట్టేస్తాడు. నాకింకా బాగలేదు నాయనా, రేకు చింపు, అని వాణ్ణి అడిగేదానికి ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు.